మిరియమంత చుక్క

"అక్కా, ఇరవై ఐదు మిల్లీలంటే ఈ మూతతో ఎన్నిసార్లు పోయాలి?"

మందుల షాపావిడ నవ్వబోయి ఆగిపోయింది. కౌంటరు అవతల నిలబడ్డ అమ్మాయి చంకలో చంటివాడు, చేతిలో పొద్దున ఇచ్చిన ఎలర్జీ సిరప్. మోతాదు మించితే మత్తు ముంచేసే మందు అది. సీసా మీద లేబుల్‌లో 25 అని ఉంది. ఆవిడ టైపు చేసింది 2.5.

"పట్టేశావా?"

"లేదక్కా. ఇంత చంటివాడికి అంత మందా అని అడగడానికొచ్చా."

ఆవిడ సీసా లాక్కున్నంత పని చేసింది. లేబుల్ మీది అంకెలు కొట్టేసి 'రెండున్నర' అని అక్షరాల్లో రాసింది.

ఆ అమ్మాయి వెళ్లగానే వెనక గదిలోకి పరిగెత్తింది. అక్కడ తమ్ముడు కంప్యూటరు ముందు కూర్చుని కాళ్లూపుకుంటున్నాడు. నిన్న రాత్రి పాత సిస్టం తీసేసి కొత్తది ఎక్కించింది వాడే. కంప్యూటరు పనిలో వాడిది అందె వేసిన చెయ్యి. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా వాడే చెబుతుంటాడు.

"ఒరేయ్, చుక్క ఏదిరా?"

"ఏ చుక్క?"

"రెండుకీ ఐదుకీ మధ్య ఉండాల్సిన చుక్క!"

వాడు తెర వైపు చూపించాడు. చుక్క నిక్షేపంగా ఉంది. ప్రింటు కొట్టాడు. కాగితం మీద లేదు. వాడి మొహంలో రంగు మారింది.

ఆ షాపు లేబుళ్ల ఫాంటు ఆవిడ పట్టుబట్టి చేయించుకున్నది. చూపు ఆనని ముసలివాళ్లు కూడా పొరబడకూడదని అందులో చుక్కని మిరియపు గింజంత పెట్టించింది.

"ఫాంటు పోలేదక్కా, ఉంది. దాన్ని ప్రింటరుకి అందించే చిన్న ప్రోగ్రాం పాతది. కొత్త సిస్టంలో నడవట్లేదు. అందుకని అంకెలు వేరే ఫాంటులో పడుతున్నాయి. మనది మామూలు చుక్క కాదుగా, అది ఉండాల్సిన చోట ఆ ఫాంటులో ఏమీ లేదు."

"ఏమీ లేదంటే?"

"ఖాళీ."

ఆవిడ ఫోన్ అందుకుంది.

"పొద్దుటి నుంచి చుక్కలున్న మందులు ఎవరెవరికి ఇచ్చామో బిల్లులు తియ్యి. ముందు మనుషుల సంగతి చూద్దాం, నీ ఫాంటు సంగతి తర్వాత."

ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. ఒకాయన ఇంకా సీలే తీయలేదు. ఇంకొకావిడ చెంచా నోటిదాకా తీసుకెళ్లి "ఆగండి!" అన్న కేకకి ఒంటి మీద ఒలకబోసుకుంది. ఒకాయన తిట్ల దండకం అందుకున్నాడు. ఆవిడ ఎదురు చెప్పకుండా అన్నీ వింది. తిట్టే ఓపిక ఉందంటే మనిషి బాగున్నట్టే కదా అనుకుంది.

మధ్యలో ఇంటి నుంచి భర్త ఫోన్.

"నువ్వు షాపులో మర్చిపోయిన మందు పొద్దున్నే వెళ్లి తెచ్చుకున్నా. బలే మందోయ్! రాత్రంతా దగ్గిన పిల్ల, ఒక్క డోసుకే ఉలుకూ పలుకూ లేకుండా పడుకుంది."

"పడుకోనివ్వండి. ఇక్కడ కొంపలు మునిగేలా ఉన్నాయి, మళ్లీ చేస్తా," అని పెట్టేసింది. పాప మందు గురించి ఆవిడకి బెంగ లేదు. నిన్న సాయంత్రమే తన చేత్తో 2.5 అని మోతాదు చీటీ రాసి, రబ్బరు బ్యాండుతో సీసాకి కట్టి ఉంచింది.

చివరికి ఒక్కరే మిగిలారు. తాళాలు బాగుచేసే తాతగారు. గుండె దడకి అర మాత్ర వేసుకోవాలి. లేబుల్ మీద 0.5 కాస్తా 05 అయింది. ఫోన్ ఎత్తడం లేదు. ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివరికి పరిగెత్తింది. కొట్టు తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల బల్ల మీద తల వాల్చి తాతగారు కదలకుండా ఉన్నారు.

"తాతా!"

ఆయన ఉలిక్కిపడి లేచాడు. "ఏమ్మా, కొంపలేమైనా అంటుకున్నాయా? కాస్త కునుకు తీస్తుంటే!"

"మాత్రలు వేసుకున్నారా?"

"ఒక్కసారే ఐదు మాత్రలా? అమ్మకాలు తగ్గి నువ్వే పెంచావేమో అనుకున్నా. నిన్ను అడిగాకే మింగుదామని పక్కన పెట్టా."

ఆవిడకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆయన రెండు చేతులూ పట్టుకుని, వేసుకోవాల్సింది అర మాత్రేనని చెప్పింది.

తిరిగొచ్చేసరికి తమ్ముడు పాత ప్రోగ్రాంని ఎలాగో బుజ్జగించి నడిపిస్తున్నాడు. అది ఇంకా పాత సిస్టంలోనే ఉందని దానికి భ్రమ కల్పించాడట. కొత్త లేబుల్ చేతికిచ్చాడు. రెండుకీ ఐదుకీ మధ్య మిరియపు గింజంత చుక్క నల్లగా మెరుస్తోంది.

"బిల్లుల్లో ఉన్నవాళ్లందరికీ చెప్పేశాం," అంటూ ఆవిడ స్టూలు మీద కూలబడింది. "కొత్తది ఎక్కించగానే ఓ లేబుల్ తీసి చూసుకోవద్దట్రా?"

"తీశానక్కా! షాపు తెరవగానే, నువ్వు సరుకు తేవడానికి వెళ్లినప్పుడు. ప్రింటు స్పష్టంగా వచ్చిందా లేదా అనే చూశా. చుక్క మీదికి ధ్యాస పోలేదు."

"ఏం మందు పేరు కొట్టావు?"

"కౌంటరు మీద ఏదో సీసాకి నీ చీటీ కట్టి ఉంటే అందులో ఉన్నదే కొట్టా."

"ఆ లేబుల్ ఏదీ?"

"పారేస్తానా? ఒక్క లేబుల్ వృథా అయినా నీ ప్రాణం ఉసూరుమంటుంది కదా," తమ్ముడు నవ్వుతూ మొదలుపెట్టాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "నీ చీటీ తీసేసి, బావ పట్టుకెళ్లిన పాప సీసాకి అంటించానక్కా."