పాస్‌పోర్టు సంచి

రమ పాస్‌పోర్టు కనిపించడం లేదు.

రాత్రికి హైదరాబాదులో విమానం. ఇంటి ముందు కారు వచ్చి నిలబడింది. బాలలక్ష్మి బీరువా మొత్తం మంచం మీద గుమ్మరించింది. సదానందం దేవుడి పటాల వెనక కూడా చేయి పెట్టి చూశాడు. ఇల్లు పీకి పందిరి వేసినా దొరకలేదు.

ఆ గోలలోనే పక్కింటి బుచ్చవ్వ మామిడికాయ తొక్కు సీసా పట్టుకొచ్చింది. దుబాయిలో ఉన్న కొడుక్కి అందించాలట. పిల్ల పోయేది ఐర్లాండుకని బాలలక్ష్మి మొత్తుకుంది. ఎక్కేది విమానమే కదా, జర అటు తిప్పి ఇచ్చిపొమ్మంది బుచ్చవ్వ. చేసేదిలేక సీసా పెట్టెలోకి ఎక్కింది.

"నా దగ్గర ఉంచుకుంటనంటే ఇయ్యకపోతివి బాపు," అని రమ మూతి ముడిచింది.

అప్పుడు వెలిగింది సదానందానికి. నాలుక కరుచుకున్నాడు. వీసా పడి వచ్చిన రోజే పాస్‌పోర్టును తీసుకెళ్లి తన రైస్ మిల్లు ఆఫీసులో, బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఇంట్లో వచ్చేపోయేవాళ్లు ఎక్కువ. ఆ సొరుగు తాళంచెవి మాత్రం ఎప్పుడూ ఆయన మొలతాడుకే ఉంటుంది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. మిల్లు తొవ్వలనే ఉన్నది," అని నవ్వేశాడు.

పాస్‌పోర్టు అంటే ఆయనకు అంత భయం మరి. పెళ్లయిన కొత్తలో మస్కట్ పోయాడు. దిగిన రోజే యజమాని పాస్‌పోర్టు తీసుకుని తన అల్మారాలో పెట్టుకున్నాడు. ఇక్కడ ఊళ్లో రమ పుట్టింది. పంపమని ఎంత బతిమాలినా పంపలేదు. చివరికి ఇల్లు చేరేసరికి పిల్ల ఉరుకులు పరుగులు పెడుతోంది. తల్లి కొంగు చాటున నక్కి, "గీ కాక ఎవ్వలు?" అని అడిగింది. కన్నతండ్రినే బాబాయి అనుకున్న ఆ మాట తలుచుకుని ఇప్పటికీ ఇంట్లో నవ్వుకుంటారు. సదానందం అందరికంటే గట్టిగా నవ్వుతాడు.

ఐర్లాండులో రమ చదవబోయేది సోషల్ వర్కు. పొట్ట చేతపట్టుకుని పరాయి దేశం పోయినవాళ్లకు అండగా నిలబడే చదువు. ఇదే ఎందుకని ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో అడిగితే, ఆ కాక కథే చెప్పింది. వాళ్లు అదంతా రాసుకున్నారట. ఆ తర్వాత సీటు ఇచ్చారు.

అది విన్నప్పటి నుంచి సదానందం కాలు నేల మీద నిలవడం లేదు. తన కష్టం బిడ్డకు చదువైంది. ఆ కథ చెబుతూ రమ తనను చూసిన చూపు ఉంది చూశారా, జీవితంలో ఆయన సంపాదించిందంతా ఒక ఎత్తు, అది ఒక ఎత్తు. ఆ చూపు ఎప్పటికీ అలాగే ఉండాలని ఆయన కోరిక.

కారు మిల్లు ముందు ఆగింది. సదానందం లోపలికి ఉరికాడు. సొరుగు లాగి, అవీ ఇవీ పక్కకు నెట్టి, అడుగునుంచి పాస్‌పోర్టు బయటికి తీశాడు. బాలలక్ష్మి కుట్టిచ్చిన బట్ట సంచిలో అలాగే దోపి, ముడి వేశాడు. అప్పటికిగాని ఊపిరి ఆడలేదు.

బయట హమాలీ లఖన్ పెట్టెలను కారు మీదికెక్కించి తాడు బిగిస్తున్నాడు. బీహారు మనిషి, బస్తాలు మోసి మోసి భుజం కాయలు కాచింది. పని ఆపి రమకు ఫోన్‌లో ఫొటో చూపించాడు. ఊళ్లో కొడుకు పుట్టాడట. ఇంకా చూడలేదట.

"లఖన్ భయ్యాను ఒకసారి ఇంటికి పంపరాదు బాపు," అంది రమ.

"నేను వద్దంటున్ననా బిడ్డా? సీజన్ అయినంక పోతనన్నడు. పక్క మిల్లుల జూడు, పండుగకని పోయినోళ్లు మళ్ల రాలే. మనోళ్లు ఒక్కడు గూడ కదలడు. నేనంటే గంత ప్రేమ."

లఖన్ నవ్వి, తాడును ఇంకోసారి గుంజి చూశాడు.

దారంతా బాలలక్ష్మి కళ్లు తుడుచుకుంటూనే ఉంది. సదానందం మాత్రం హుషారుగా కబుర్లు చెప్పాడు. విమానాశ్రయంలో పెట్టెలన్నీ తనే దించాడు. సంచిని తన చేతులతో బిడ్డ మెడలో వేశాడు.

"ఎవ్వల చేతికి ఇయ్యకు బిడ్డా. భద్రంగ దాస్తమని ఎంత తియ్యగ చెప్పినా ఇయ్యకు. కాయితం గుంజుకున్నడంటే మనిషిని గుంజుకున్నట్టే."

"మొదటి క్లాసుల నీ పేరు చెప్పి గిదే చెప్త బాపు," అంది రమ. మళ్లీ అదే చూపు. సదానందానికి కడుపు నిండిపోయింది.

గేటు దగ్గర జవాను చేయి చాచాడు. రమ సంచి ముడి విప్పి పాస్‌పోర్టు తెరిచింది.

అందులోంచి జారి సదానందం కాళ్ల దగ్గర పడింది, తక్కిన హమాలీలందరి కార్డులతో పాటు మిల్లు సొరుగులో తాళం వెనక ఉండాల్సిన లఖన్ ఆధార్ కార్డు.