పై చదువు

“సర్టిఫికెట్ లేనోనివి, నీకెందుకు గీ పని? పోయి నల్లాలు బిగించుకో పో!”

కడుతున్న లాడ్జి ముందు, మేస్త్రీలందరూ చూస్తుండగా దామోదర్ రఘుపతిని అన్న మాట అది. అక్కడ వేడినీళ్ల పైపుల పని మొదట అతనిదే. హైదరాబాద్‌లో ట్రైనింగ్ అయివచ్చిన దామోదర్ ఆ పని లాక్కున్నాడు. అంతటితో ఆగకుండా, రఘుపతి బిగించిన పైపులన్నీ పీకించి రోడ్డు మీద పడేయించాడు.

అప్పటిదాకా మెదక్‌లో గీజర్ అంటే రఘుపతే. ఆ రోజు మాత్రం తల ఎత్తలేకపోయాడు. నల్లా కారుతోందని పిలిస్తే క్రిస్టినా టీచర్ ఇంటికి వెళ్లి, పని చేస్తూ చేస్తూ ఏడ్చేశాడు.

క్రిస్టినా మిషన్ బడిలో సైన్సు చెబుతుంది. భర్త విక్టర్ పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. అంతా విని, “ఏడిస్తే ఏమొస్తది? వాడు చదివిందే నువ్వూ చదువు. తిరిగొచ్చి వాని ముందట నిలబడు,” అంది.

“ఈ వయసుల నాకేం చదువొస్తది టీచర్?”

“నేన్ చెప్తగద.”

అన్నట్టే చెప్పింది. బడి వదిలాక తన ఇంటి వరండాలో కూర్చోబెట్టి కొలతలు, ఇంగ్లీషు పేర్లు నేర్పింది. ట్రైనింగ్‌లో సీటు కోసం ఆఫీసుల చుట్టూ తనే తిరిగింది. రఘుపతికి ఒకటే కసి. దామోదర్ చేతిలోని పనులన్నీ లాక్కోవాలి. వాడి పైపులూ రోడ్డు మీద పడాలి. వాడూ నలుగురిలో తల దించుకోవాలి.

అంతలో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి. ట్రైనింగ్ వాయిదా పడింది. రోజులు గడిచేకొద్దీ రఘుపతి చల్లబడ్డాడు.

“పోనీయుండ్రి టీచర్. వాని పాపాన వాడే పోతడు.”

“నీకు జరిగింది అప్పుడే మర్చినవా? నేనైతే సచ్చేదాక మర్వ.”

ఆమె గొంతు విని రఘుపతి ఉలిక్కిపడ్డాడు. తన కోసం ఇంతగా కోపం పెంచుకునే మనిషి ఉన్నందుకు కళ్లు చెమర్చాయి.

సమ్మె ముగిశాక హైదరాబాద్ వెళ్లాడు. సోలార్ హీటర్లు, ప్రెషర్ పంపులు, ఒక్కోటీ ఆకలిగొన్నవాడిలా నేర్చుకున్నాడు. ఒకరోజు గ్యాస్ గీజర్ల పాఠం వచ్చింది.

“గాలి ఆడని బాత్‌రూంల దీన్ని ఎప్పుడూ పెట్టొద్దు,” అన్నాడు నేర్పే సారు. “మంట నుంచి విషగాలి వస్తది. వాసన తెల్వది. స్నానం చేసేటోడు ఉన్నకాడనే కూలిపోతడు. గుండె ఆగిందనుకుంటరు ఇంట్లోళ్లు.”

రఘుపతి క్లాసు మధ్యలోనే లేచి బయటికి నడిచాడు. దొరికిన బస్సెక్కి మెదక్‌లో దిగి, నేరుగా క్రిస్టినా టీచర్ తలుపు తట్టాడు.

“విక్టర్ సారు బాత్‌రూంలనే పడిపోయిండు గద టీచర్… గా గ్యాస్ గీజర్ పెట్టింది నేనే. చలిగాలి వస్తదని కిటికీ మూయిపిచ్చింది గూడ నేనే. సారుది గుండెపోటు కాదు టీచర్… నేనే సంపిన.”

గడప మీదే కూలబడ్డాడు. క్రిస్టినా అతన్ని లేవనెత్తలేదు.

“నాకెప్పుడో తెల్సు రఘుపతీ,” అంది, “నీకు గూడ తెల్వాలనే గీ చదువు చదివిపిచ్చిన.”