నేలపాలైన బీరు

మా ఇంట్లో నాకు నురగ ఆపడం చేతకాదని పేరు పడింది. బెర్గెన్‌లో రసాయనశాస్త్రం చదివొచ్చి, ఇంటి బీరు పొంగి నేలపాలవుతుంటే చూస్తూ కూర్చుంటానట.

ఈ క్రిస్మస్‌కీ నాన్న నేలమాళిగలోకి దిగి, పీపాలో ఈస్ట్ వేసి, అది మేలుకోవాలని మా వోస్ ఊరి ఆనవాయితీ ప్రకారం గట్టిగా కేక పెట్టాడు. మోకాళ్ల నొప్పి వల్ల ఏడాదికి ఈ ఒక్కరోజే ఆయన ఆ మెట్లు దిగుతాడు.

"ఏమ్మా గున్వోర్, ఈసారైనా కాస్త కనిపెట్టి ఉంటావా?"

"జానెడు ఖాళీ వదులుదాం నాన్నా. మూతకి గొట్టం బిగించి రెండో కొస నీళ్ల బకెట్లో ముంచితే, నురగ అందులోకి పోతుంది."

"ఈ తెలివి పోయినేడాది ఏమైంది? అయినా ఖాళీ వదిలితే వచ్చినవాళ్లకి ఏం పోస్తాం, నీళ్లా?"

పీపా తెరిచిన రోజు ఇరుగుపొరుగు పిలవకుండానే రుచి చూడ్డానికి రావడం ఇక్కడి మర్యాద. ఇప్పుడు చుట్టుపక్కల ఇళ్లన్నీ ఆ మర్యాద తెలియని, సెలవులకొచ్చే పట్నంవాళ్లవి. పోయినేడాది నాన్న బల్లమీద బీరు తాగే చెక్క గిన్నెలు పేర్చి, వీధితలుపు తీసిపెట్టి కూర్చున్నాడు. ఒక్కరూ రాలేదు.

అప్పుడు నేను కిందికెళ్లి సగం బీరు తూములో పారబోసి, పులిసేటప్పుడే పొంగిపోయిందని పైకొచ్చి చెప్పాను.

"పోనీలే, జనం వచ్చుంటే చాలక పరువు పోయేది," అని ఆయన తేలిగ్గా లేచి తలుపు మూశాడు.

చేతకానిదాన్నన్న ఆ పేరు ఇంకో ఏడాది మొయ్యలేను; ఈసారి ఒక్క చుక్క పారబొయ్యను. ఎవరూ రాకపోతే, బీరంతా అలాగే ఉందని నాన్నకి చెబుతాను.