బాకా ఊదినప్పుడు

“బాకా ఊదగానే నువ్వే లేచి నిలబడాలి,” అంది మెన్నా.

“నేను లేవను. నువ్వే లే అమ్మా,” అన్నాడు గ్వియోన్.

పొద్దుటి నుంచి ఇదే గొడవ. గొర్రెల కొట్టం దగ్గర మొదలై, కారులో దారంతా సాగి, ఇప్పుడు ఉర్ద్ ఐస్తెద్‌వోద్ పాటల పండగ పెద్ద మంటపంలో ముందు వరసల దాకా వచ్చింది. బయట వాన. పిల్లల ఈ పండక్కి వాన పడకపోతే దగ్గరి చుట్టమెవరో రానట్టుంటుంది వేల్స్ వాళ్ళకి. బురద బూట్లతో, చిప్స్ పొట్లాలతో జనం లోపలికి తోసుకొస్తున్నారు.

కొత్త బాణీ కట్టిన కుర్రవాళ్ళకిచ్చే పతకం ఈ పూటే. పోటీకి ఎవరూ సొంత పేరుతో పంపకూడదు, మారుపేరు పెట్టుకోవాలి. న్యాయనిర్ణేత ఆ మారుపేరు చదువుతాడు. బాకా ఊదుతారు. గెలిచినవాళ్ళు జనం మధ్యలోంచి లేచి నిలబడతారు. లైటు వెతుక్కుంటూ వచ్చి వాళ్ళ మీద పడుతుంది. ఆ ఒక్క క్షణం చూడ్డానికే సగం మంది ఊళ్ళు దాటి వస్తారు.

గెలిచినవాళ్ళకి మాత్రం ముందే ఫోన్ వస్తుంది, గుట్టుగా ఉంచమని. మెన్నాకీ వచ్చింది. బాణీ తన పెద్దకొడుకు ఇథెల్‌దేననీ, వాడు సెప్టెంబర్లో ట్రాక్టర్ కింద పడి పోయాడనీ ఆమె ఉన్నమాట చెప్పింది. అవతలావిడ మెల్లగా, అతని బదులు ఇంట్లోవాళ్ళు ఎవరైనా లేచి నిలబడండి అంది.

ఇథెల్ హార్ప్ వాయించేవాడు, మనిషెత్తు తీగల వాయిద్యం. ఆ చుట్టుపక్కల పెళ్ళయినా చావయినా అతను రావాల్సిందే. గ్వియోన్ కూడా చిన్నప్పుడు అన్నతో పాటే పాఠాలకి వెళ్ళాడు గానీ, తండ్రి పోయాక మానేశాడు. ఇంటికి ఒక కళాకారుడు చాలు, రెండోవాడు గొర్రెలు కాయకపోతే తినేదేమిటని లౌరి పిన్ని వేళాకోళం చేసేది.

ఇథెల్ పోయాక ఆ హార్ప్‌ని ఎవరూ ముట్టుకోవద్దంది మెన్నా. ఆ మాట తప్ప ఇంకో మాట మాట్లాడితే ఒట్టు. తిండి కూడా మానేసింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు కొడుకు వెనకే వెళ్ళిపోయేలా ఉందని బయటికెళ్ళి చెప్పుకునేవాళ్ళు.

చలికాలంలో ఒకరోజు, పిల్లల గదిలోని కంప్యూటర్లో ఇథెల్ ఫోటోల కోసం వెతుకుతుంటే ఆమెకి ఆ బాణీ దొరికింది. మాటలు లేవు, ఒట్టి హార్ప్. మొదలుపెట్టి ఆగుతుంది, మళ్ళీ మొదలుపెడుతుంది, ఎవర్నో పిలిచి, వాళ్ళు పలక్కపోతే వెనక్కొచ్చినట్టు. గ్వియోన్ పొలం నుంచి వచ్చేసరికి మెన్నా వంటింట్లో కూర్చుని దుంపల పులుసు తింటోంది.

“మీ అన్నయ్య నాకోసం దాచిపెట్టి వెళ్ళాడురా,” అంది.

గ్వియోన్ టోపీ తీసి చేతుల్లో పట్టుకుని ఆమె తినడం చూస్తూ నిలబడ్డాడు.

పోటీకి పంపుదామన్నది ఆమే. విని స్వరాలు కాగితం మీద పెట్టమని అడిగితే గ్వియోన్ ఆ పూటకే రాసిచ్చేశాడు. మారుపేరు కూడా ఆమే పెట్టింది: దూరపు పొలం. ఇథెల్ పోయింది అక్కడే.

మంటపంలో లైట్లు తగ్గాయి. లౌరి పిన్ని ఇటు వంగింది.

“అన్న కోసం ఆమాత్రం నిలబడలేవా? కొంపదీసి వాడు గెలిచాడని కుళ్ళా?”

“వాణ్ణి వదిలెయ్యవే,” అంది మెన్నా. “పాతిపెట్టిన రోజున కూడా కంటతడి పెట్టలేదు. వాడి గుండె అంతే.”

గొంతు తగ్గించి చెప్పాలని ఆమెకి తోచలేదు. గ్వియోన్ తన బూట్ల వంక చూసుకున్నాడు.

న్యాయనిర్ణేత చాలాసేపు మాట్లాడాడు. ఈ బాణీ కట్టినవాళ్ళెవరో గానీ, సొంత మనిషిని పోగొట్టుకున్నవాళ్ళేనని అన్నాడు. “వాళ్ళ నాన్న గురించి కట్టుంటాడు,” అని మెన్నా చెల్లెలి చెవిలో చెప్పింది.

“దూరపు పొలం,” అని చదివాడు ఆయన. “ఎక్కడున్నా లేచి నిలబడాలి.”

బాకా మోగింది. ఎవరూ లేవలేదు. లైటు వరసల మీద తిరుగుతోంది. మెన్నా కొడుకు వైపు చూసింది. కోపం కాదు, బతిమాలుతున్నట్టు చూసింది. మళ్ళీ బాకా మోగింది. గ్వియోన్ ఆమె మోచేతి కింద చెయ్యి వేసి, మెల్లగా లేపాడు.

లైటు ఆమె మీద ఆగింది. ఆ తల్లి ఎవరో, ఎందుకు లేచిందో వేదిక మీంచి చెప్పగానే మంటపం మొత్తం లేచి నిలబడింది. ఏడవనివాళ్ళు లేరు. గ్వియోన్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. లేవమని పిన్ని భుజం పట్టి లాగినా లేవలేదు.

మెన్నా పతకం మెడలో వేసుకుని తిరిగొచ్చింది. ఆమె మొహంలో అంత వెలుగు చూసి ఏడాది కావస్తోంది.

“వాడు ఇంకా ఉన్నాడురా, ఈ పాటలో ఉన్నాడు,” అంది. “నీ మనసే ఎందుకో అర్థం కాదు నాకు. అన్న కోసం ఒక్క చుక్కయినా రాల్చవు.”

“అవునమ్మా,” అన్నాడు గ్వియోన్, మెలితిరిగిన పతకం రిబ్బను సరిచేస్తూ.

అన్నని పాతిపెట్టిన మర్నాడు, అమ్మ ప్రార్థనకి వెళ్ళినప్పుడు, ఎంతకీ ఏడుపు రాక ఆ హార్ప్ ముందు కూర్చుని ఈ పాట కట్టి రికార్డు చేసుకున్నది తనేనని చెబితే, అమ్మకి ఇథెల్ రెండోసారి చచ్చిపోతాడు.