సగం చుట్ట

నాలుగు పేలాయి. ఐదోది పేలలేదు.

మాచర్ల పక్క నాపరాళ్ళ క్వారీలో పొద్దున్నే ఐదు బెజ్జాలు తొలిచి, మందు కూరి, వత్తులు పెట్టారు. యుద్ధం రోజులు. కొత్త వత్తులు దొరకడంలేదని, చెమ్మపట్టిన పాతవాటినే అంటగట్టాడు కంట్రాక్టరు. అవి ఒక్కోసారి నిజంగానే ఆరిపోతాయి. ఒక్కోసారి ఆరినట్టు నటించి, దగ్గరికి వెళ్ళిన మనిషిని తీసుకుపోతాయి.

గట్టు వెనక నక్కిన ఇరవై మందీ రాజారత్నం వైపు చూశారు. ఐదో వత్తి అంటించింది అతనే. అంటించినవాడే వెళ్ళి బెజ్జంలో నీళ్ళు పోసి రావాలి. ఆ క్వారీలో అది కట్టుబాటు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. మేస్త్రి చుట్ట వెలిగిస్తే, అది పూర్తిగా కాలేదాకా ఎవరూ గట్టు దాటకూడదు. వత్తి లోపల రాజుకుంటూ ఉంటే ఆలోగా దాని సంగతి తేలిపోతుంది.

మేస్త్రి అబ్దుల్ మజీద్ చుట్ట వెలిగించాడు.

రాజారత్నం లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. మందు పనిలో అతనికిది మొదటి రోజు. ఇంట్లో భార్య ఎస్తేరుకు నెలలు నిండాయి.

"నిదానం రా," అన్నాడొకడు.

"నిబ్బరంగా ఉండాల. కంగారుపడితేనే కాలు జారేది," అన్నాడు ఇంకొకడు.

"గుండె దిటవు చేసుకో," అన్నాడు, అందరికన్నా వెనక దాక్కున్నవాడు.

గట్టు చాటున కూచున్నవాళ్ళకు ఇలాంటి మాటలు ఎన్నయినా దొరుకుతాయి. వాటిల్లో ఒక్కటీ రాజారత్నం కాళ్ళదాకా దిగలేదు. అతను పక్కకు జరిగి జాన్ సాహెబు మోచెయ్యి పట్టుకున్నాడు.

ఆ క్వారీలో నిబ్బరమంటే జాన్ సాహెబుదే. పేలని మందు దగ్గరికి ఆ ముసలాయన సంతకు వెళ్ళినట్టు వెళ్తాడు. వెళ్ళేటప్పుడు పెదాలు మాత్రం కదులుతూ ఉంటాయి. ఆ మాటేమిటో ఇంతవరకూ ఎవరికీ వినపడలేదు.

"మామా, పొయ్యేటప్పుడు ఏందో అనుకుంటా పోతావుగా. అది నాక్కూడా చెప్పు."

"ఏంది?"

"అదే, గుండె నిబ్బరం మాట. మీ ఖురాన్‌లోదంటన్నారు. ఏదైనా పర్లేదు. మా ఫాదరు గారికి చెప్పన్లే."

జాన్ సాహెబు నవ్వాడు. "అది నీకు పనిచెయ్యదబ్బాయ్."

"ఏం? కిరస్తానీవోణ్ణనా?"

"కాదు. నీకు ఇంటికాడ మనిషుంది."

"ఉంది కాబట్టేగా అడుగుతున్నా! అక్తరత్త బతికుండగా మా ఎస్తేరును కూతురల్లే చూసుకునేది. ఆమె మొగం చూసైనా చెప్పు మామా."

భార్య పేరు వినగానే ముసలాయన నవ్వు అక్కడే ఆగిపోయింది. రాజారత్నం చేతిలోంచి మోచెయ్యి విడిపించుకుని, నీళ్ళ కుండ అందుకుని లేచాడు.

"జాన్ భాయ్!" మేస్త్రి అరిచాడు. "చుట్ట ఇంకా సగముంది! అయినా అంటించింది నువ్వు కాదు గదా!"

"మిగతా సగం తీరిగ్గా కాల్చుకో మజీదూ," అని గట్టు దాటాడు.

మిట్టమధ్యాహ్నపు ఎండలో, అంత పెద్ద రాళ్ళ గుంతలో ఆయన ఒక్కడే. ఇరవై మంది ఊపిరి బిగబట్టి చూస్తున్నా, ఎవరూ లేనిచోట నడుస్తున్నట్టే నడిచాడు. ఒక్కసారన్నా వెనక్కి తిరిగి చూడలేదు. పెదాలు కదులుతున్నాయి.

"అదిరా నిబ్బరమంటే!" అన్నారు గట్టు వెనక.

రాజారత్నానికి తలకొట్టేసినట్టయింది. తను వెళ్ళాల్సిన చోటికి అరవై ఏళ్ళ మనిషి వెళ్తున్నాడు. సిగ్గుతో పాటు ఆశ కూడా ఉంది. దగ్గరగా వెళితే ఆ మాట వినపడుతుంది, ఇక జన్మలో భయం ఉండదు. మేస్త్రి కన్నుగప్పి, పేర్చిన రాళ్ళ వరసల చాటున పాక్కుంటూ వెళ్ళాడు.

జాన్ సాహెబు బెజ్జం దగ్గర మోకాళ్ళ మీద కూచున్నాడు. కుండ పక్కన పెట్టాడు.

బెజ్జంలోంచి సన్నగా పొగ వస్తోంది.

వత్తి ఆరలేదు. 'పొయ్యి మామా, నీళ్ళు పొయ్యి' అని రాజారత్నం చేత్తో సైగ చేశాడు. ముసలాయన మాత్రం ఆ పొగ వైపే చూస్తూ, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తన ఇంటి అరుగు మీద కూచున్నట్టు కూచున్నాడు. పొగ చిక్కబడింది. ఆయన కదల్లేదు.

రాజారత్నం మోచేతి కింద రాయి ఒకటి జారి దొర్లింది.

జాన్ సాహెబు తల తిప్పాడు. పదడుగుల దూరంలో, రాళ్ళ చాటున రాజారత్నం. క్వారీలో ఎవరూ ఎప్పుడూ చూడనిది ఆ క్షణంలో రాజారత్నం చూశాడు. జాన్ సాహెబు కంగారుపడ్డాడు. గబుక్కున కుండ ఎత్తి మొత్తం బెజ్జంలో కుమ్మరించాడు.

బుస్సుమని పొగ లేచి, ఆరిపోయింది.

గట్టు వెనక ఈలలు, కేకలు. "జాన్ సాహెబు గుండెకాయ నాపరాయిరా!" అని ఎవరో అరిచారు. ముసలాయనకు అదేం పట్టలేదు. తడిసిన రాయి మీద అరచెయ్యి ఆనించి, వంగి, మెల్లగా పెదాలు కదిపాడు. ఈసారి రాజారత్నానికి స్పష్టంగా వినపడింది. అది ఖురాన్‌లోది కాదు.

"కంగారుపడమాక అక్తరూ. ఇయ్యాల ఈ పిల్లోడు అడ్డమొచ్చాడు. ఇంకో రోజు తప్పకుండా వస్తా."