ఎదురుగోడ మీది బొమ్మ

"వద్దు మే ఎస్తేరూ, ఈ రాత్రి మనల్ని నరికేస్తారు మే," అంది సుందరమ్మ, బంక బకెట్టు మోసుకొస్తూనే.

"నిన్ను రావద్దంటి కదమ్మా," అని నవ్వింది కూతురు.

కరువు ఏడాది. జొన్నల ధర కొండెక్కింది. అది ఇంకా పెరగాలని సుంకిరెడ్డి గిడ్డంగికి తాళం వేసుకుని కూర్చున్నాడు. అతనికి పార్టీ అండ ఉంది, వెనక కత్తులు పట్టిన మనుషులున్నారు. అతను బస్తాలపై కూర్చుని మీసం దువ్వుతున్న బొమ్మను ఎస్తేరు చెక్కపై చెక్కి, కాగితాల మీద అచ్చుగుద్ది, జమ్మలమడుగు గోడలకు అంటిస్తోంది. నిన్న ఊరంతా పగలబడి నవ్వింది. చివరి బొమ్మ అతని కిటికీకి ఎదురుగోడ మీద, నిద్ర లేవగానే కనబడేటట్టు.

వెన్నెల పిండి ఆరబోసినట్టుంది. ఎస్తేరు గోడకు బంక పూస్తుంటే వీపు వెనక టక్, టక్ మని చప్పుడైంది. ఇద్దరూ ఆగారు. చప్పుడూ ఆగింది. మళ్లీ పూయగానే మళ్లీ టక్, టక్.

"బాంబులు కూరుతాండారు మే! ప్రభువా, నన్ను తీసుకపో, దీన్ని వదిలెయ్."

ఇందాక మూసి ఉన్న కిటికీ ఇప్పుడు తెరిచి ఉంది. లోపల దీపం లేదు. సుందరమ్మ కూతురికి అడ్డంగా నిలబడింది.

"ఎవరప్పా ఆడ?"

ఎస్తేరు గబగబా బొమ్మ అంటించేసింది. సుందరమ్మ బకెట్టు అందుకుని కూతురి చెయ్యి పట్టి లాగింది.

అప్పుడు, రోట్లో దంచిన వక్కాకు బుగ్గన పెట్టుకున్న ముసలి గొంతు కిటికీ చీకట్లోంచి పలికింది.

"బొమ్మ బాగుండాది గానీ, పొట్ట సాల్లేదు మే. వాన్ని కన్నదాన్ని, నాకు తెలీదా?"