గుయ్‌మనే మోత

పైడితల్లి భర్త గవరయ్య ఊపిరంతా మంచం పక్కనున్న శ్వాస యంత్రం మీదే నడిచేది. మెకానిక్కులు కనుమరుగైన రోజులవి. ఏ యంత్రం చెడినా ఫోన్లో పలికే కంప్యూటర్ గొంతుకే చెప్పుకోవాలి. ఉదయం నుంచి యంత్రం కొత్తగా మోగుతుంటే ఆమె ఆ గొంతును పిలిచింది.

“శబ్దం ‘హమ్’మా, ‘బజ్’జా, ‘వర్’రా? ఈ ఇంగ్లీషు పదాల్లో ఒకటి చెప్పండి,” అంది గొంతు.

“గుయ్‌మంటంది బాబూ. ఉండుండి బొంగురుపోతంది.”

“ఆ పదం జాబితాలో లేదు.”

పైడితల్లి విసుగెత్తి ‘హమ్’ అంది. హమ్ మామూలేనంటూ గొంతు ఫిర్యాదు మూసేసింది. మళ్లీ పిలిచి ‘బజ్’ అంటే గాలి గొట్టం బిగించమంది. బిగించగానే గవరయ్యకు ఎగశ్వాస మొదలైంది. ఆమె గొట్టం వదులు చేసి, ఏడుపూ కోపమూ ముంచుకొస్తుంటే, యంత్రం చేసే మోతనే అచ్చంగా ఫోన్లోకి అరిచింది.

“అర్థం కాలేదు,” అంది గొంతు.

ఒకప్పుడు మోటార్లు బాగుచేసిన సింహాద్రి కింద వాటాలో ఉండేవాడు. ఆ అరుపు విని పైకి పరుగెత్తుకొచ్చాడు. “ఫిల్టరుకి దుమ్ము పట్టేసింది వదినా,” అంటూ మూత విప్పి బ్రష్షుతో దులిపాడు. మోత ఆగింది. గవరయ్య ఛాతీ నెమ్మదించింది.

“మళ్లీ వొస్తే ఫోన్లో చెప్పాల గదా. దీన్ని ఇంగ్లీషులో ఏటంటారు?” అని అడిగింది పైడితల్లి.

“నాకేటి తెలుసు వదినా. నాకు ఇనబడింది, అంతే.”